కోదాడను రాసిచ్చిన సెక్రటరీ

మా సెక్రటరీ పోయాడన్న కబురు అందినప్పుడు నేను పంపుహౌస్‌లో పొద్దుటి డ్యూటీలో ఉన్నాను. ఫోన్ చేసింది వదిన, అంటే ఆయన భార్య. మోటార్ల మోతలో మాట వినపడక బయటికి వచ్చి మళ్లీ అడిగాను.

"మీ సెక్రటరీ పోయాడమ్మా," అంది.

మీ అన్న అనలేదు. మా ఆయన అనలేదు. మీ సెక్రటరీ అంది. ఆ పదవి ఆయన దగ్గర లేకుండా పోయి చాలా కాలమైంది.

మిర్యాలగూడలో బస్సెక్కాడట. కిటికీ పక్కన సీటు దొరికింది. హుజూర్‌నగర్ దాటేదాకా పక్కనున్న రైతుతో వడ్ల తేమ గురించి మాట్లాడాడట. తర్వాత తల కిటికీకి ఆనించాడు. కోదాడ బస్టాండులో అందరూ దిగిపోయారు. కండక్టర్ వచ్చి, "పెద్దాయనా, కోదాడ వచ్చింది," అని భుజం తట్టాడు. పలకలేదు. మళ్లీ తడితే పక్కకు ఒరిగాడు.

ఈ సంగతి మా వాళ్లకు చెప్పినప్పుడు ఒకరిద్దరు నవ్వారు. కోదాడలో దిగడం ఆయనకు ఎంత కష్టమో మాకందరికీ తెలుసు. చివరికి దిగకుండానే పోయాడని నవ్వారు. నవ్వకూడదు కాని నవ్వారు. ఆ నవ్వు ఎందుకొచ్చిందో మీకు అర్థం కావాలంటే మొదటి నుంచి చెప్పాలి.

సాగర్ ఎడమ కాలువ నీళ్లను శుభ్రం చేసి ఊళ్లకు పంపే తాగునీటి పథకంలో మేం పనివాళ్లం. పంపు నడిపేవాళ్లు, పైపులు బాగుచేసే ఫిట్టర్లు, వాల్వులు తిప్పేవాళ్లు. పని సర్కారుది, మేం మాత్రం కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లం. ఏటా కాగితం తిరగరాస్తేనే మాకు మళ్లీ ఏడాది ఉద్యోగం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అని మూడు డివిజన్లు. మూడింటికీ కలిపి ఒకటే యూనియన్. దానికి ఆయన సెక్రటరీ. కోదాడ డివిజన్‌లో ఫిట్టరుగా చేసేవాడు. సొంతూరు చిలుకూరు పక్కన.

నాది పాలకీడు వైపు తండా. మా ఆయన పోయాక ఆయన చేసిన పంపు ఆపరేటర్ పనే నాకు ఇచ్చారు. ఆడమనిషి మోటర్ల దగ్గర ఏం చేస్తుందని అక్కడి ఇంజనీరు నన్ను ఊరికే కూర్చోబెట్టాడు. కూర్చోబెడితే రేపు కాగితం తిరగరాసేటప్పుడు పని రాదని తీసేస్తారు. ఆ భయంతో షెడ్డు వెనక నిలబడి ఏడుస్తున్నాను. కోదాడ నుంచి బండి మీద వచ్చిన మనిషి ఒకాయన నన్ను చూసి ఆగాడు, ఆయనే మా సెక్రటరీ. ఓదార్చలేదు.

"ఏడ్సుడైతె ఇంట్ల ఏడ్సి రా సెల్లె. గీడ మోటర్ ఎట్ల బంద్ చెయ్యాల్నో నేర్సుకో. ఆన్ చెయ్యనీకి ఎవడన్న చేస్తడు."

ఆ రోజు మధ్యాహ్నం దాకా నా పక్కనే నిలబడి నేర్పించాడు. తప్పు చేస్తే తిట్టాడు. తర్వాత ఇంజనీరు గదిలోకి వెళ్లి ఏం మాట్లాడాడో తెలియదు, మరునాటి నుంచి నా పేరు డ్యూటీ బోర్డు మీద ఉంది.

మంచివాడని రాయడానికి చేయి రావడం లేదు. కటువైన మనిషి. మీటింగుకు ఆలస్యంగా వచ్చినవాణ్ని తలుపు దగ్గరే నిలబెట్టేవాడు. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు మొదటి నుంచి మొదలుపెడితే చేయి అడ్డం పెట్టేవాడు. "ఒక్క మాటల సెప్పు. ఒక్క మాటల సెప్పరాకపోతె నీకేం గావాల్నో నీకే తెల్వదన్నట్టు." కొందరు ఆ ఒక్క మాట దొరక్క తిరిగి వెళ్లిపోయేవాళ్లు. అట్లా వెళ్లినవాళ్లను వెనక్కి పిలవడం నేను చూడలేదు.

ఆయనకు ఇంకొక అలవాటు ఉండేది. అధికారులతో చర్చలకు పోయినప్పుడు వాళ్లిచ్చే చాయ్ ముట్టేవాడు కాదు. మేం తాగితే ఏమీ అనేవాడు కాదు, తను మాత్రం కప్పును కొంచెం ముందుకు జరిపి, అది చల్లారే దాకా మాట్లాడేవాడు. చర్చల రోజు మాత్రం ఇస్త్రీ చొక్కా. ఆ చొక్కాను వదిన ముందురోజు సాయంత్రమే గడప పక్కన కొక్కేనికి తగిలించి పెట్టేది.

కాగితం తిరగరాయాల్సిన సంవత్సరం ఖజానా ఖాళీ అన్నారు. టీవీ పెడితే అదే మాట. అప్పులకు వడ్డీలే కట్టలేకపోతున్నామని మంత్రులు, దానికి కారణం మీరంటే మీరని పాత మంత్రులు, కొత్త మంత్రులు. మాకు నెలల తరబడి జీతాలు ఆగిపోయాయి. కిరాణా కొట్టువాడు సరుకులు పొట్లం కట్టి కూడా చేతికివ్వకుండా బల్ల మీద ఉంచి మా మొహాలు చూసేవాడు. జీతాలు ఇవ్వాలని, ఏటేటా కాగితం కాకుండా పర్మినెంటు స్కేలు ఇవ్వాలని అర్జీలు పెట్టాం. జవాబు లేదు. ఎండలు ముదిరాక ఆయన మూడు డివిజన్లవాళ్లనూ సూర్యాపేటలో కూర్చోబెట్టి, "నీళ్లు బంద్ పెడదాం," అన్నాడు.

వద్దన్నవాళ్లు ఉన్నారు. జనం తిడతారన్నారు.

"తిడితెనె మనం ఉన్నమని తెలుస్తది," అన్నాడు.

దవాఖానలకు పోయే లైన్లు వదిలి తక్కినవన్నీ కట్టేశాం. జనం తిట్టారు. మా పంపుహౌస్ గేటు ముందుకు బిందెలు పట్టుకుని ఆడవాళ్లు వచ్చారు. అందులో మా తండావాళ్లే ఎక్కువ. నన్ను ఎత్తుకుని పెంచిన పెద్దమ్మ ఒకామె గేటు ఊచలు పట్టుకుని మా లంబాడీ భాషలో అడిగింది. నేను బదులు చెప్పబోతుంటే, ఆ రోజు మా దగ్గరికి వచ్చి ఉన్న ఆయన ఆపాడు.

"ఏమంటుంది?"

"మీ ఇంట్ల నీళ్లున్నయా అని అడుగుతుంది అన్నా."

"ఉన్నయా?"

"డ్రమ్ము నింపి పెట్టుకున్న."

"మరి ఆమె అడిగిన దాంట్ల తప్పేం లేదు. మనకాడ జవాబు లేదు. ఊకుండు."

పెద్దమ్మ ఎండలో చాలాసేపు నిలబడి, ఊచల్లోంచి లోపలికి ఉమ్మి వెళ్లిపోయింది. ఆయన చొక్కా అంచు మీద పడింది. తుడుచుకుని, సమ్మె హాజరు రిజిస్టర్లో సంతకం పెట్టమని నన్ను లోపలికి పంపాడు.

ఆ తర్వాత కోదాడ పంపుహౌస్ దగ్గరికి పోలీసు వ్యాన్ వచ్చింది. వెనకాలే ఒక కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. తాళం పగలగొట్టి మోటర్లు వేశారు. సాయంత్రానికి కోదాడలో నీళ్లొచ్చాయి. బజారు కుళాయి దగ్గర జనం చప్పట్లు కొట్టడం టీవీలో చూపించారు. మేం లేకుండా పని నడుస్తుందని సర్కారుకు అప్పుడు తెలిసింది. మరునాడే చర్చలకు రమ్మని కబురు పంపారు.

హైదరాబాదుకు ముగ్గురం పోయాం. ఆయన కోదాడ నుంచి, నేను మిర్యాలగూడ నుంచి, సూర్యాపేట నుంచి మా యూనియన్ కోశాధికారి. అధికారి చాలా మర్యాదస్థుడు. లేచి నిలబడి మరీ కూర్చోమన్నాడు.

"సెక్రటరీ గారూ, ఉన్న మాట చెప్తాను. డబ్బు లేదు. ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు, ఇద్దరికి సరిపడా అన్నమే ఉంది అనుకోండి..."

"అనుకోను సార్. పిల్లల ముచ్చట వద్దు. పని ముచ్చట సెప్పుండ్రి."

అధికారికి కోపం రాలేదు. సూటిగా చెప్పాడు. మూడు డివిజన్లలో ఒకదాన్ని ప్రైవేటు కాంట్రాక్టరుకు ఇస్తారు. అక్కడి పనివాళ్లందరినీ తీసేస్తారు. తక్కిన రెండు డివిజన్లవాళ్లకు ఆగిపోయిన జీతాలు, పర్మినెంటు స్కేలు ఇస్తారు. ఒప్పుకోకపోతే మూడూ కాంట్రాక్టరుకే. సాయంత్రంలోగా చెప్పాలి.

"ఏది ఇయ్యాల్నో మీరే రాసిండ్రా?" అని ఆయన అడిగాడు.

"లేదు. అది మీరే చెప్పండి. మేం చెబితే మళ్లీ ధర్నాలు చేస్తారు. మీ యూనియన్ చెప్పిందని ఉంటే గొడవ ఉండదు."

ఆ మాట అంటున్నప్పుడు అధికారి పెన్ను మూత తీసి పెట్టుకున్నాడు. మేం ఏది చెబుతామో ముందే తెలిసినవాడిలా ఉన్నాడు.

మేం బయట వరండాలోకి వచ్చాం. మనుషులు ఫైళ్లు పట్టుకుని అటూ ఇటూ పోతున్నారు. ఆయన గోడకు ఆనుకుని నన్ను అడిగాడు.

"మిర్యాలగూడ ఇస్తనని సంతకం పెడత. ఊకుంటవా?"

"ఊకోను అన్నా. ఈడనే కూసుంట."

కోశాధికారి వైపు తిరిగాడు. "సూర్యాపేట అని రాస్త. నువ్వు ఊకుంటవా?"

"మావోళ్లు నన్ను బతకనియ్యరు. నిన్ను గూడ."

"మరి కోదాడ అని రాస్త."

కోశాధికారి నేల చూశాడు. నేను వరండా కిటికీలోంచి బయటికి చూశాను.

"గదే," అన్నాడు ఆయన. "కోదాడ అంటె ఊకునేటోళ్లు ఇద్దరున్నరు. లెక్క అయిపోయింది."

ఈ సంగతి రాస్తున్నాను కదా అని నేనిప్పుడు పశ్చాత్తాపపడుతున్నానని అనుకోకండి. నా వెనక మిర్యాలగూడ పనివాళ్లున్నారు. నా ఇద్దరు ఆడపిల్లలున్నారు. ఇవాళ ఆ వరండాలో నిలబెట్టి అడిగినా నేను కిటికీ బయటే చూస్తాను. ఆయనకు అది తెలుసు. తెలిసే అడిగాడు.

లోపలికి వెళ్లి సంతకం పెట్టాడు. అధికారి చాయ్ తెప్పించాడు. ఆయన కప్పు అందుకుని తాగాడు. నేను ఆయన మొహంలోకి చూస్తే, "ఇంక తాగితె ఏమయితది," అన్నాడు.

మరునాడు కోదాడలో చెప్పాలి. నన్ను రమ్మన్నాడు. "మాట్లాడకు. నిలబడితె సాలు." కోశాధికారి రాలేదు, ఇంట్లో ఎవరికో బాగా లేదన్నాడు.

కోదాడలో సమ్మె డేరా ఇంకా తీయలేదు. మేం ఆటో దిగేసరికి పటాకులు పేలాయి. చర్చలు సఫలమైనట్టు పొద్దున టీవీలో చెప్పారట. డేరా నిండా మనుషులు. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. అందరికంటే ముందు ఉరికి వచ్చి బంతిపూల దండ ఆయన మెడలో వేసినవాడు వదిన తమ్ముడు, అంటే ఆయనకు సొంత బావమరిది. అతనూ కోదాడ డివిజన్‌లో ఫిట్టరే. ఆ పని పెట్టించింది కూడా ఈయనే.

ఆయన చెయ్యెత్తాడు. తన అలవాటు ప్రకారం ఒక్క మాటలో చెప్పాడు.

"మిగతా రెండు నిలబడినయి, కోదాడ పోయింది, నేనే రాసిచ్చిన."

కొందరికి అర్థం కాక నవ్వుతూనే ఉన్నారు. వెనక ఎవరో ఇంకో పటాకు వెలిగించారు. అది పేలాక గాని డేరాలో ఎవరూ కదలలేదు.

"ఎవర్ని అడిగి ఇచ్చావు బావా?" అన్నాడు బావమరిది.

"ఎవర్ని అడగలే."

"మూడూ పోతే అందరం కలిసి రోడ్డు మీద ఉండేవాళ్లం కదా. మమ్మల్ని ఒక్కళ్లనే ఎందుకు పెట్టావు?"

"నా పని గూడ పోయింది రా."

"నీ పని పోయిందని మాకు చూపియ్యకు. నీది నువ్వు ఇచ్చుకున్నావు. మాది మేం ఇయ్యలేదు."

వరండాలో ఏం జరిగిందో ఆయన చెబుతాడేమోనని చూశాను. చెప్పలేదు. బావమరిది ముందుకు వచ్చి తాను వేసిన దండ తానే తీశాడు. తల మీదుగా తీయలేదు. లాగాడు. దారం తెగడానికి ముందు ఆయన మెడ మీద ఎర్రటి గీత పడింది. పూలు కాళ్ల దగ్గర రాలాయి. ఆడవాళ్లలో ఒకామె శాపనార్థాలు మొదలుపెట్టింది, ఆమె వెనక మరొకామె. ఆయన అందరూ వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. నేనూ ఆయన చెప్పినట్టే నిలబడ్డాను.

ఇంటికి వెళ్లేసరికి వదినకు సంగతి తెలిసిపోయింది. ఇద్దరికీ అన్నం పెట్టింది. ఆయన కంచంలో కూర వడ్డిస్తూ, ఆయన మొహం చూడకుండా చెప్పింది.

"నా తమ్ముడి కంచంలో మన్ను పోసి వచ్చావు. నీకు వండుతా, నీ బట్టలు ఉతుకుతా. నాతో మాట్లాడకు."

ఆయన తలూపి అన్నం కలుపుకున్నాడు. వదిన ఆ మాట చాలాకాలం నిలబెట్టుకుంది. ఇంట్లో ఏమన్నా చెప్పాల్సి వస్తే కూతురికి చెప్పేది, కూతురు తండ్రికి చెప్పేది. కూతురు లేనప్పుడు గోడకు చెప్పేది.

ఒకసారి ఆయన లేనప్పుడు వెళ్లి వరండాలో జరిగింది వదినకు చెప్పాను. చాట పక్కన పెట్టి మొత్తం విన్నది.

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావమ్మా? చెబితే నా తమ్ముడి పని తిరిగొస్తుందా?" అంది. మళ్లీ చాట అందుకుంది.

తర్వాత యూనియన్ ఏం చేసిందో కూడా చెప్పాలి. పనిలో లేనివాడు పదవిలో ఉండకూడదని మా నియమం. సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని ఆయనకు సన్మానం చేశారు. శాలువా కప్పారు. త్యాగం అన్నారు. అదే సభలో కోశాధికారిని కొత్త సెక్రటరీగా ఎన్నుకున్నారు. మైకు ఇస్తే ఆయన, "కోదాడోళ్లను మర్సిపోకుండ్రి," అని ఒక్క మాట చెప్పి కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. భోజనాల్లో మటన్ పెట్టారు. ఆయన కడుపునిండా తిన్నాడు. తిండి మీద అలగడం ఆయనకు రాదు. కోదాడ నుంచి ఒక్కరు కూడా రాలేదు. వాళ్లను ఎవరూ పిలవలేదని నాకు తర్వాత తెలిసింది.

కోదాడవాళ్లను తిరిగి పనిలో పెట్టుకోమని ఆయన ఒక్కడే ఆ కాంట్రాక్టరు ఇంటికి తిరిగాడు. గేటు దగ్గర కూర్చోబెట్టేవాళ్లు, లోపలికి పిలిచేవాళ్లు కాదు. తిరగ్గా తిరగ్గా కాంట్రాక్టరు సగం మందిని తీసుకున్నాడు. పాత జీతంలో సగానికి. యూనియన్ అనే మాట ఎత్తకూడదు, ఈయన ఆ చుట్టుపక్కల కనపడకూడదు అన్న షరతు మీద. బావమరిదికి పని దొరికింది. కాంట్రాక్టరు పేరు ముద్రించిన నీలం చొక్కా ఇచ్చారు. దానికి కూడా కోదాడవాళ్లు ఈయన్నే తిట్టారు. ఈయన పోయి బతిమాలకపోతే కాంట్రాక్టరే తమ దగ్గరికి వచ్చేవాడని, అప్పుడు ఇంకా ఎక్కువ అడిగేవాళ్లమని అన్నారు. అది నిజమో కాదో నాకు తెలియదు. నిజమే అయ్యుండొచ్చు.

మాకు స్కేలు వచ్చింది. మా పెద్దపిల్ల నర్సింగు చదివింది. నెల నెలా జీతం పడ్డట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చినప్పుడల్లా ఆయన గుర్తొచ్చేవాడు. కృతజ్ఞత అంటే ఏమిటో నాకు తెలిసినంతవరకు ఇదే. ఎవరి నోటి ముందు నుంచి తీసి నాకు పెట్టారో తెలిసి కూడా తినడం.

ఆయన చివరికి మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. లోపలికి వచ్చే లారీల నంబర్లు రాసుకోవడం, గేటు తీయడం, వేయడం. ఊక దుమ్ముకు దగ్గు పట్టుకుంది. నా డ్యూటీ అయ్యాక అప్పుడప్పుడు అటు వెళ్లేదాన్ని. సెలవు దొరికినప్పుడు బస్సెక్కి ఇంటికి పోయేవాడు. కోదాడలో దిగి చిలుకూరు ఆటో ఎక్కాలి. బస్టాండులో పాతవాళ్లు ఎదురుపడతారని మూతికి తువ్వాల చుట్టుకునేవాడట. అయినా గుర్తుపట్టేవాళ్లు. ఒకసారి ఎవరో ఆటోవాడికి ఆయన్ని ఎక్కించుకోవద్దని చెప్పారు. ఎండలో ఊరిదాకా నడిచాడు.

"తప్పు చేసినమా అన్నా?" అని ఒకరోజు గేటు దగ్గర అడిగాను.

"నన్నెందుకు అడుగుతవ్? కోదాడల ఎవర్నన్న అడుగు," అన్నాడు.

ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందు మళ్లీ వెళ్లాను. ఈసారి పని ఉండి వెళ్లాను. మళ్లీ ఖజానా ఖాళీ అంటున్నారు. మా స్కేలు మీద మళ్లీ చర్చలు పెడతామన్నారు. ఉన్న రెండు డివిజన్లలో ఒకటి కాంట్రాక్టరుకు పోతుందని పుకారు పుట్టింది. ఆయన లారీకి గేటు తీసి, వేసి, బల్ల మీద కూర్చుని దగ్గు తగ్గేదాకా ఆగాడు.

"ఒక్క మాటల సెప్పు."

"మిర్యాలగూడను ఇచ్చేస్తరేమో అని భయమయితుంది."

"చర్చలకు ఎవరు పోతుండ్రు?"

"కొత్త సెక్రటరీ పోతడు. నేను పోత."

ఆయన తువ్వాలతో మొహం మీది ఊక దుమ్ము తుడుచుకున్నాడు.

"అప్పుడు ముగ్గురం ఉంటిమి సెల్లె. ఒకన్ని ఇయ్యనీకి ఇద్దరు ఊకోవాల్సొచ్చింది. ఇప్పుడు మీరు ఇద్దరే. ఒక్కడు ఊకుంటె సాలు."

"మరి నేనేం చెయ్యాలె?"

"నాకు తెల్వదు. తెలిస్తె నేను ఈడ ఎందుకుంట?"

నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే. అంతలో లారీ హారన్ కొట్టింది, లేచి గేటు దగ్గరికి వెళ్లాడు.

అంత్యక్రియలకు మేం మిర్యాలగూడ నుంచి వ్యాన్ కట్టుకుని పోయాం. సూర్యాపేట నుంచి కొత్త సెక్రటరీ కారులో వచ్చాడు. పూలదండ, యూనియన్ జెండా తెచ్చాడు. జెండా మడతలు విప్పి శవం మీద కప్పబోయాడు. తలాపున కూర్చున్న వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"అది తీసెయ్యి తమ్ముడూ. కోదాడలో మీ జెండా లేదు. ఈయన కోదాడవాడు."

కొత్త సెక్రటరీ ఎవరైనా తన తరఫున మాట్లాడతారేమోనని చుట్టూ చూశాడు. జెండాను మళ్లీ మడతపెట్టి కారులో పెట్టించాడు. పనుందని పాడె లేవకముందే వెళ్లిపోయాడు.

పాత కోదాడవాళ్లు కొందరు వచ్చారు. వాకిట్లోకి రాలేదు. రోడ్డుకు అవతల నిలబడ్డారు. వాళ్లలోంచి బావమరిది ఒక్కడు రోడ్డు దాటి వచ్చాడు. డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నాడు, ఒంటి మీద నీలం చొక్కా అట్లాగే ఉంది. బావ మొహం వైపు కొంచెంసేపు చూశాడు.

"మాఫ్ చేద్దామని రాలేదు అక్కా," అన్నాడు.

"నేనడగలేదు," అంది వదిన.

"మరి పాడె మోసేవాళ్లు ఉన్నారా?"

"ఒక మనిషి తక్కువున్నాడు."

అతను చెప్పులు విడిచి వెనక కొమ్ము కింద భుజం పెట్టాడు. నినాదాలు లేవు. రోడ్డుకు అవతల నిలబడ్డవాళ్లు కదల్లేదు. పాడె మలుపు తిరిగేదాకా చూసి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

వాగు ఒడ్డున కూతురు నిప్పు పెట్టింది. ముందురోజు వాన పడడంతో కట్టెలు తడిగా ఉన్నాయి. కిరోసిన్ పోసినా సరిగ్గా అంటుకోలేదు. పొగ మాత్రం దట్టంగా లేచింది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే మొహానికి కొంగులు, తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని స్నానాలకు వెళ్లిపోయారు. వదినను, కూతురిని ఆడవాళ్లు తీసుకుపోయారు. మా వ్యాన్ డ్రైవర్ తిండికి పోయాడని నేను గట్టు మీద ఆగాను.

చితి దగ్గర బావమరిది ఒక్కడే మిగిలాడు. కట్టెలు ఒకవైపు కుంగి ఒక దుంగ జారి బయటికి వచ్చింది. అతను పొడుగాటి వెదురు కర్ర తీసుకుని దాన్ని లోపలికి నెట్టాడు. పొగ అంతా అతని మీదికే కొడుతోంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. అవి పొగ వల్లో కాదో నాకు తెలియదు, అతను తుడుచుకోలేదు. నీలం చొక్కా జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు. పనిలోంచి సూపర్‌వైజర్ అయ్యుంటాడు. కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు. వెంటనే మళ్లీ మోగింది. ఈసారి తీయలేదు. ఫోన్ అట్లా మోగుతూనే ఉంది. దుంగ మళ్లీ జారింది, అతను కర్రను రెండు చేతులా పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, దాన్ని మంటలోకి నెట్టి అట్లాగే అదిమి పట్టుకున్నాడు.